డ్యాం పేల్చిన హీరో, మా మేనమామ

మా మేనమామ సాగర్ కాలువ తూములు చూసే లష్కర్. నీళ్లొదిలే ముందు సైకిలెక్కి, "బర్లను ఎల్లగొట్టుర్రి, పోరగాండ్లను పైకి పిలువుర్రి!" అని ఊరూరా అరిచేటోడు.

ఒక ఎండకాలం మామను మిర్యాలగూడల పెద్ద సాహసం సినిమాకు తీస్కపోయిన. తెర మీద వరదొస్తుంటే కాళ్లు కుర్చీ మీదికి గుంజుకున్నడు. అంత కమాల్‌గ తీసిన్రు, కాదనను. అంతల హీరో విలన్‌ను సంపనీకి డ్యామే పేల్చిండు. లోకాన్ని కాపాడేటోనికి ఊర్లొక లెక్కా? హాలంత ఈలలు; అందరికన్న పెద్దది నాదే.

మామ లేచి అరిచిండు: "కింద ఊర్లున్నయి కదరా! ఆళ్లకెవడన్న సెప్పిండా?"

"కూసో తాతా, అంత గ్రాఫిక్సే," అన్నడు ఎనకోడు.

"ఈలలు గూడ గ్రాఫిక్సేనారా?" అని, నా మొకం చూసి, బయటికి నడిచిండు.

నేను హీరో గెలిచేదాక కూసున్న. తర్వాత డైరెక్టర్‌ను ఎంత తిట్టినా, ఆ కుర్చీల ఈలేసి కూసున్న నా మీద నాకు కోపం ఇంకా సల్లారలే.