బాపు, నేను, లచ్చవ్వ గుమ్మపాలు

మా చిన్నప్పుడు... బాపు బొగ్గుగనిలో మొదటి షిఫ్టు దిగి వచ్చే వేళకు నేను లచ్చవ్వ బర్రెల కొట్టం దగ్గర సిద్ధంగా ఉండేదాన్ని. గోదావరిఖనిలో మా క్వార్టర్ల వెనకాలే ఉండేది ఆ కొట్టం. స్నానం చేసి వచ్చినా బాపు కళ్ళకు బొగ్గు నలుపు కాటుకలా అంటుకునే ఉండేది.

లచ్చవ్వ పాలు పితుకుతూనే, తలెత్తకుండా గ్లాసు నింపి ఇచ్చేది. పితికినవి పితికినట్టే... గోరువెచ్చగా, పైన నురగతో. వాటినే గుమ్మపాలంటారు.

"రొమ్ముల దుమ్ము కడుక్కపోవాలంటే గిదే మందు" అనేవాడు బాపు. గనిలోకి దిగేవాళ్ళలో చాలామంది నమ్మకం అది. తను సగం తాగి, మిగతాది నాకిచ్చేవాడు. "అమ్మకు చెప్తే ఒట్టు బిడ్డా" అని నవ్వేవాడు.

అమ్మ సంగతి వేరు. ఇంటి ముందు బొగ్గుల పొయ్యి మీద ఇత్తడి సర్వలో పాలు మూడుసార్లు పొంగితే గానీ దించేది కాదు. "పచ్చిపాలు దూడకు, కాగినపాలు మనిషికి" అనేది. "మీ అమ్మ పాలు కాస్తలేదు, సంపుతున్నది" అని బాపు నాతో గుసగుసలాడేవాడు.

ఆ ఏడు లచ్చవ్వ బర్రెల్లో రెండింటికి నెలలు నిండకముందే దూడలు చచ్చిపుట్టాయి. దిష్టి తగిలిందని ఆమె వాటి మెడకు నల్లతాడు కట్టింది. మేం పాలు తాగడం మాత్రం మానలేదు.

తర్వాత బాపుకు జ్వరం పట్టుకుంది. పొద్దున బాగానే ఉండేవాడు, సాయంత్రానికి ఒళ్ళు కాలిపోయేది. చెమటకు చొక్కా తడిసిపోయేది, నడుము, కీళ్ళు పట్టేసేవి. మలేరియా మాత్రలు మింగాడు, తాయత్తు కట్టించుకున్నాడు. నెల దాటినా తగ్గలేదు. గనిలో అంత కష్టం చేసిన మనిషి నా భుజం పట్టుకుని మంచం దిగేవాడు. డ్యూటీ సంగతి దేవుడెరుగు, అసలు మనిషి దక్కుతాడా అని అమ్మ ఏడ్చేది. నాకు చాలా భయమేసింది.

చివరికి ముగ్గురం పెద్ద దవాఖానకు పోయాం. అన్నీ అడిగాక డాక్టరు, "పచ్చిపాలు తాగే అలవాటున్నదా?" అన్నాడు.

బాపు ఓరగా అమ్మ వైపు చూశాడు. "లేదు సార్. మా ఇంట్ల కాచుకునే తాగుతం."

నేను తల వంచుకుని కూర్చున్నాను. ఒట్టు ఉంది కదా...

డాక్టరు చీటీ రాస్తూనే చెప్పాడు. "కొన్ని పశువులకు రోగముంటది, పైకి కనబడది. కాచకుంటే పాలతోని మనుషులకొస్తది. మీ ఇంట్ల ఎవరన్న తాగితే జల్ది రక్తం చూపియ్యాలె. పిల్లలైతే మరీ."

బాపు గబుక్కున లేవబోయి తూలాడు. "సార్... నా బిడ్డ గూడ తాగింది. నేను గూడ. ముందుగాల దాన్ని సూడుండ్రి సార్."

నెల రోజులు జ్వరంతో మంచం పట్టినా తన కోసం చెప్పని నిజం అది. అమ్మ వెంటనే లేచింది. నా చెయ్యి పట్టుకుని రక్తం తీసే గదికి నడిపించింది.

నాకేమీ లేదని తేలింది. బాపుకు ఉంది. దాన్ని బ్రూసెల్లోసిస్ అంటారని చాలా ఏళ్ళకు తెలిసింది. వారాల తరబడి మందులు వాడితే గానీ తేరుకోలేదు. లచ్చవ్వ వచ్చి మంచం పక్కన కూలబడి, "నా చేతులతోని నేనే ఇస్తిని కొడుకా" అని ఏడ్చింది. పాపం, ఆమెకు మాత్రం ఏం తెలుసు? పశువుల డాక్టరు వచ్చి, దూడలు చచ్చిపుట్టింది కూడా ఆ రోగంతోనేనని చెప్పి, ఆ రెండు బర్రెలను మంద నుంచి వేరు చేయించాడు.

ఇప్పుడు ఆ కొట్టం ఉన్నచోట ఓపెన్‌కాస్టు గని తవ్వి పోసిన మట్టిగుట్ట ఉంది. పాలు ప్యాకెట్లలో వస్తున్నాయి. మొన్న మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఎవరో "కాచకుండా తాగే స్వచ్ఛమైన పాలు, సీసాల్లో ఇంటికే" అని పెట్టారు. కింద వరసగా చప్పట్ల బొమ్మలు! అది చూశాకే ఇదంతా రాయాలనిపించింది.

రుచి సంగతి అడిగితే అబద్ధం చెప్పను, అలాంటి పాలు మళ్ళీ తాగలేదు. బలమని నమ్మి మీ ఇళ్ళలో ఏమేం తాగించారో మీరూ చెప్పండి...

దవాఖాన నుంచి వచ్చాక బాపు మారిపోయాడు. పొయ్యి దగ్గర తనే నిలబడి పాలు పొంగించేవాడు. నా పెళ్ళయ్యాక కూడా ఫోన్ చేస్తే బాగున్నావా అని కాదు, "పాలు కాగినయా బిడ్డా?" అని ముందుగా అడిగేవాడు. ఆయన పోయాక ఆ మాట నన్నెవరూ అడగలేదు.