రామః రామౌ రామాః... ఐలేసా

రామః రామౌ రామాః... మా చిన్నప్పుడు ఈ మూడు మాటలకూ మాకు తెలిసిన అర్థం ఒక్కటే... బెత్తం.

విడవలూరు దాటి సముద్రం వైపు వస్తే మా పాళెం. అన్నీ చేపలు పట్టే ఇళ్లే. మా ఇంట్లో బడి మొహం చూసింది నేనే మొదటిదాన్ని. ఎనిమిదో తరగతిలో మాకు సంస్కృతం పెట్టారు. సంస్కృతం సారు చొక్కా నలగకుండా కుర్చీలో వాలి, "ఊఁ... కానీండి" అనేవాడు. మేము ఏడు విభక్తులూ గొంతు చించుకుని అరవాలి. ఆయన కునుకు తీయాలి. పాఠమంటే అంతే.

ఒకరోజు లేచి అడిగాను. "సార్, రామేణ అంటే ఏంది సార్?"

"అర్థం నీకెందుకే? పరీక్షలో అడగరు. ఉప్పునీళ్లు తాగి పెరిగిన నోళ్లు... ముందు తిప్పడం నేర్చుకోండి."

ఆయనకు తెలిసి చెప్పలేదో, తెలియకే చెప్పలేదో... నా అనుమానం రెండోదే.

ఆ సాయంత్రమే నాయనను బడికి పిలిపించాడు.

"మీ పిల్లకి నోరు తిరగదయ్యా. సోమవారం మన బడి నడిపే కరస్పాండెంట్ గారు వస్తున్నారు. ఆయన ముందు తప్పు పోయిందంటే తొమ్మిదికి పంపను. రొయ్యల షెడ్డుకు పంపుకో. తలకాయలు తీసేదానికి విభక్తులతో పనిలేదు."

నాయన చేతులు కట్టుకుని "అట్నే అయ్యోరా" అన్నాడు. ఆ "అట్నే" ఇప్పటికీ నా చెవిలో ముల్లులా ఉంది...

మర్నాడు ఆదివారం. ఒడ్డున అలివి వల లాగుతున్నారు. సముద్రంలో చుట్టూ వేసి, రెండు కొసలూ ఒడ్డు మీద పట్టుకుని పాళెమంతా కలిసి లాగే పెద్ద వల అది. ఒకరు మాట అందిస్తే, మిగతా అందరూ "ఐలేసా" అంటూ ఒక్కసారిగా తాడు గుంజుతారు. పిల్లలం కూడా తాడు చివర పట్టుకునేవాళ్లం... కూరకు నాలుగు చేపలు చేతిలో పెడతారని.

నాయన నా వైపు తిరిగాడు. "ఏమ్మే, ఆ అయ్యోరి పాఠం ఎంత పొడుగుండాది? ఈడ చెప్పు. ఇంతమందిమి ఉండాం గదా, లాగేస్తాం."

సిగ్గుపడుతూనే అన్నాను... "రామః రామౌ రామాః!"

"ఐలేసా!"

"రామం రామౌ రామాన్!"

"ఐలేసా!"

మా మేనత్త నవ్వు ఆపుకోలేక తాడు వదిలేసింది. "ఒసే, మీ రాముడు శానా బరువుండాడే! ఇంకా గెట్టిగా చెప్పు, కదల్లా!"

నేను తడబడితే వల ఆగిపోయేది. అందరూ తాడు పట్టుకుని నా నోటివైపే చూసేవాళ్లు. వల ఒడ్డెక్కేసరికి విభక్తులన్నీ నోటికొచ్చేశాయి.

సోమవారం కరస్పాండెంట్ గారు వచ్చారు. సారు కావాలనే నన్ను లేపాడు. కళ్లు మూసుకుని, చేతిలో తాడు ఉందనుకుని అందుకున్నాను... "రామః రామౌ రామాః!"

వెనక బెంచీల నుంచి మా పాళెం పిల్లలంతా ఒక్క గొంతుతో... "ఐలేసా!"

కావాలని కాదు. అలవాటు... నోరు ఆగలేదు.

సారు ముఖం పాలిపోయింది. కరస్పాండెంట్ గారు మాత్రం పగలబడి నవ్వారు. "ఆపొద్దు, కానివ్వండి" అన్నారు. సప్తమీ విభక్తి దాకా ఒక్క తప్పు పోలేదు. "భలే ఉందే! ఎవరు నేర్పారయ్యా ఇట్లా?"

సారు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "నేనే సార్... పిల్లలకు సులువుగా ఉంటుందని."

కరస్పాండెంట్ గారి కారు గేటు దాటింది. సారు బెత్తం తీశాడు. ఐలేసా అన్న ప్రతి ఒక్కరి అరచేయీ వాచింది. నన్ను మాత్రం ముట్టుకోలేదు... ఇంకోసారి కరస్పాండెంట్ గారు వస్తే అప్పజెప్పడానికి కావాలి కదా. అలా తొమ్మిదిలోకి వెళ్లాను. మరుసటి ఏడు నుంచి ఆయనే క్లాసులో ఐలేసా అనిపించాడు... వల తాడు ఏనాడూ పట్టని చేతులు ఊపుకుంటూ.

పోయిన వారం మా బడి వాట్సాప్ గ్రూపులో ఆయన సన్మానం ఫొటోలు పెట్టారు. మెడలో శాలువా. కింద "జానపద బాణీలో దేవభాష నేర్పిన గురువర్యులు" అని ఒక రాత. దాని కింద వరసగా దండాలు... ఆ రోజు అరచేతులు వాచిన మా పాళెం వాళ్లవి కూడా. ఆ బంగారు రోజులు మళ్లీ రావట! రాకపోతేనే మంచిది. నేను దండం పెట్టలేదు. పెట్టను.

మళ్లీ రావాలని నేను కోరుకునేది ఒక్క ఆదివారమే. పెద్ద బోట్లు వచ్చాక చేప ఒడ్డు దగ్గరికి రావడం మానేసింది. మా అలివి వల తాడు ఇప్పుడు ఎవరిదో రొయ్యల గుంటకు కంచె. మొన్న ఊరికెళ్లినప్పుడు ఆ కంచె పట్టుకుని, ఎవరూ లేరని చూసుకుని "రామః రామౌ రామాః" అన్నాను... జవాబు చెప్పేవాళ్లు లేరు.

మీకూ ఇలాంటి పాఠం ఒకటి ఉండే ఉంటుంది. శాలువా కప్పించుకున్నవాళ్ల పేర్లు వద్దు... మీతో పాటు తాడు లాగినవాళ్ల పేర్లు రాయండి. నేను మొదలుపెడుతున్నాను... మా నాయన.