ఎడమ భుజం నొప్పి అన్నాడు తాత

1998, మే నెల. మా జిల్లాలో మామిడికాయలు కోసే రోజులు. చెట్ల మీది నుంచి కాయలతో పాటు మనుషులూ పడతారు కాబట్టి మాకూ అది సీజనే. తిరుపతిలో ఒక పెద్దాసుపత్రిలో నేను ఎముకల వార్డు అటెండర్‌ని. ఏడో తరగతిలో బడి నన్ను వదిలించుకుని ఊపిరి పీల్చుకుంది. మందుల పేర్లు నోరు తిరగవు గానీ, పాదం ఏ వైపు తిరిగి ఉందో చూసి ఎముక ఎక్కడ విరిగిందో చెప్పేవాణ్ణి. ట్రాలీలు తోయడం, పేషెంట్లను మోయడం కాక, ఆర్డరు కాగితంలో లేని డ్యూటీ ఒకటి ఉండేది. మాట్లాడటం.

విరిగిన కాలిని సాగదీసి బరువు కట్టి ఉంచడాన్ని ట్రాక్షన్ అంటారు. సూది మందు వేసినా సరే, లాగే క్షణంలో మనిషి భయపడితే కండ బిగుసుకుంటుంది. అందుకని డాక్టరు పాదం పట్టుకోగానే నా వైపు చూసేవారు. నేను పేషెంటును మాటల్లో పెట్టేవాణ్ణి. వాళ్లు నవ్వే సమయానికి ఆయన లాగేసేవారు. "సగం మత్తుమందు నువ్వేరా" అనేవారు. ఆ మాటకు నేను ఎంత పొంగిపోయేవాడినో చెప్పలేను.

ఆ రోజు మధ్యాహ్నం పాకాల దగ్గర పల్లె నుంచి మునిరత్నం అనే రైతును జీపులో తెచ్చారు. డెబ్భై దాటిన మనిషి. మామిడిచెట్టు మీది నుంచి పడ్డాడు. ఎడమ తొడ మధ్యకు విరిగి వంకర తిరిగి ఉంది. నేను ట్రాలీ తోస్తుంటే ఆయన భార్య సుబ్బమ్మవ్వ పక్కనే నడుస్తూ తిడుతూ ఉంది.

"వద్దు వద్దంటే యిన్నాడా ఈ మనిషి? కూలోళ్లు కోస్తే కాయ దెబ్బ తింటాదంట! ఇప్పుడు ఎవురు దెబ్బ తినింది?"

"కాయకేమీ కాలేదు గదా, ఊరుకో," అన్నాడు తాత.

"తాతా, ఇది కాయలు రాలే కాలం గానీ తాతలు రాలే కాలం కాదే!" అన్నాను.

"పండినాను గదబ్బా, రాలినాను," అని నవ్వాడు. నాకు సరిజోడు దొరికాడనుకున్నాను.

డాక్టరు తొందరపడే మనిషి కాదు. బీపీ చూశారు, నాడి చూశారు, పొట్ట నొక్కి చూశారు. మెత్తగానే ఉంది. కాలికి నొప్పి సూది వేయించి ఎక్స్‌రేకు పంపారు. అక్కడ వరుసలో ఆగినప్పుడు తాత నా చెయ్యి పట్టుకున్నాడు.

"అబ్బా, ఈ ఎడం భుజం పీకతా ఉండాది. కాలి కంటే ఇదే బాధగా ఉండాది."

భుజం చూశాను. వాపు లేదు, గీత కూడా పడలేదు. చెయ్యి ఎత్తమంటే ఎత్తాడు.

"యాడికి యాడ తాతా? విరిగింది కింద, ఏడుపు పైనా? కాలికి సూదేసినారని భుజం అలిగినట్టుండాది!"

వరుసలో ఉన్నవాళ్లంతా నవ్వారు. తాతా నవ్వాడు, కాస్త ఆలస్యంగా. మళ్లీ ఏదో చెప్పబోతే అవ్వ అడ్డుకుంది. "సాల్లే, ఆయబ్బి నవ్వతా ఉండాడు సూడు. మొగోడివి గదా, ఓర్చుకో."

తర్వాత కాలు లాగే ముందు డాక్టరు అడిగారు. "ఇంకెక్కడైనా నొప్పి ఉందా పెద్దాయనా?"

తాత ముందు నా ముఖం చూశాడు. ఆ తర్వాత, "లేదు సార్, కాలొక్కటే," అన్నాడు.

ఆ చూపు నాకు అర్థమైంది. ఒక్క మాట అనుంటే సరిపోయేది. కానీ డాక్టరు అప్పటికే పాదం పట్టుకున్నారు. నేను నా డ్యూటీలో పడ్డాను. తాత బాగా నవ్వాడు, కాలు బాగా కుదిరింది.

నాలుగు గంటలకు వార్డులో తాతకు చెమటలు పట్టాయి. నీళ్లు, నీళ్లు అంటున్నాడు. నర్సు చూస్తే బీపీ పడిపోయింది. డాక్టరు పరుగున వచ్చారు.

"ఏమైనా చెప్పాడా నీతో?"

"భుజం నొప్పన్నాడు సార్."

"ఏ భుజం?"

"ఎడమది."

ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పొట్టలోకి సూది గుచ్చితే రక్తం వచ్చింది. ఎడమ పక్కటెముకల కింద ప్లీహం అని రక్తంతో నిండిన మెత్తటి అవయవం ఉంటుంది. పడేటప్పుడు కొమ్మ తగిలి అది చిట్లింది. లోపల కారిన రక్తం ఊపిరితిత్తుల కింది పొరను తాకితే నొప్పి భుజంలో తెలుస్తుందట. వయసు మళ్లినవాళ్లలో పొట్ట వెంటనే గట్టిపడకపోవచ్చు. బీపీ మాత్రలు వాడుతుంటే నాడి కూడా పరిగెత్తకపోవచ్చు. తాత వాడుతున్నాడు. అన్నీ మామూలుగా కనిపించిన ఆ ఒంట్లో నిజం చెప్పింది భుజం ఒక్కటే. అది చెప్పింది నాకు.

ఆపరేషన్ బల్ల మీదే తాత పోయాడు. "ఇంకొంచెం ముందు తెలిసుంటే..." అంటూ డాక్టరు కేసు షీటు మూసేశారు.

మర్నాడు ఉదయం శవాన్ని అప్పజెప్పేటప్పుడు అవ్వ నా రెండు చేతులూ పట్టుకుంది.

"సల్లంగుండు నాయనా. నొప్పి తెలీకుండా నవ్విచ్చినావు. ఇంట్లో ఆయప్ప అంతగా నవ్వింది నేనెప్పుడూ సూళ్లేదు."

భుజం సంగతి చెప్పాలనుకున్నాను. కానీ ఆమె సంచి అందుకుని బండి దాకా నడిచి, "పోయిరా అవ్వా" అన్నాను.

మాట్లాడటం మానలేదు. నాకు వచ్చింది అదే. కాకపోతే, ముసలివాళ్లు ఎక్కడ నొప్పి అన్నా, అది ఎంత అర్థం లేనిదిగా అనిపించినా, ముందు డాక్టరుకు చేరవేసి, ఆ తర్వాతే హాస్యం ఆడేవాణ్ణి. కొత్తగా చేరిన అటెండర్లకూ అదే చెప్పేవాణ్ణి. ముసలోళ్లు నొప్పిని ఒక్కసారే చెబుతారు, మనం నవ్వితే రెండోసారి చెప్పరు అని. ఇది నీకెవరు నేర్పారని అడిగితే పాకాల తాత అనేవాణ్ణి. ఎలా నేర్పాడన్నది మాత్రం వాళ్లకూ చెప్పలేదు, అవ్వకూ చెప్పలేదు.