వాలున్న చోటే ఆగే బండి

మా డీజిల్ పికప్ మా ఇంటికి వచ్చేసరికే ఇద్దరి చేతులు మారింది. మొదటి యజమాని తాండూరులో దాంతో నాపరాళ్లు మోయించాడు. రెండో ఆయన కూరగాయలు మోయించాడు. మాది తాతల నాటి నుంచీ గొర్రెల ఇల్లు. గొర్రెలనూ కంది బస్తాలనూ సంతకు తోలుకుపోవడానికి పనికొస్తుందని కొన్నాం.

అమ్మినాయన బండి గురించి ఒక్క లోపమే చెప్పాడు. "సెల్ఫ్ జర సతాయిస్తది. వాలు మీద ఆపుకుంటె ఏం ఫికర్ లేదు."

అందులో ‘జర’ అన్న మాట ఒక్కటే అబద్ధం. సెల్ఫ్ అసలు పని చేసేది కాదు. బండిని పల్లానికి వదిలి, క్లచ్ తొక్కి, రెండో గేరులో వేసి క్లచ్ వదిలితే గట్టిగా దగ్గి లేచేది. అందుకే ఎక్కడ ఆపినా ముందు వాలు చూసుకోవాల్సి వచ్చేది. వికారాబాద్ వైపు పోతే బాధ లేదు, గుట్టల పక్కన ఎక్కడ ఆపినా వాలే. తాండూరు దాటితే మాత్రం నేల రొట్టెల పెనంలా ఉంటుంది. చాయ్ బాగుండే హోటల్ చదునులో ఉంది, వేడినీళ్లలాంటి చాయ్ ఇచ్చే హోటల్ వాలు మీద ఉంది. చాలాకాలం ఆ వేడినీళ్లే తాగాను.

"రేపు నాకు జ్వరమొస్తె, దవాఖాన వాలు మీదున్నదా అని అడుగుతవేమో" అంది మా ఆవిడ.

ఆవిడ పుట్టిల్లు బషీరాబాద్ దగ్గరి పల్లె. ఆ ఊరికంతా వాలున్న చోటు ఒక్కటే, ఊరి బయటి కల్వర్టు. బండిని అక్కడ ఆపి, ఇద్దరం నడిచి ఇంటికి వెళ్లేవాళ్లం. అల్లుడి బండి నిలబడాలని మా మామ వాకిట్లో కొత్తగా నాపరాళ్లు పరిపించాడు. వెళ్లిన ప్రతిసారీ ఆ బండలు బాగున్నాయని మెచ్చుకున్నాను. బండి మాత్రం కల్వర్టు దగ్గరే ఉండేది.

ఒకసారి వెళ్లి కాళ్లు కడుక్కునేసరికి, మామ ఇద్దరు పెద్దమనుషులతో అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పంచాయితీ నాదేనని అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది.

"అల్లుడా, మనసుల ఏమన్న ఉంటె చెప్పు" అన్నాడు మామ. "ఊరి బయట బండి ఆపి, పరాయోని లెక్క నడుచుకుంట వస్తున్నవ్. నలుగురు చూస్తున్నరు."

"ఏం లేదు మామా."

పెద్దమనుషుల్లో ఒకాయనది కన్నడం. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "యాకప్పా, సిట్టా?" అన్నాడు. ఎందుకయ్యా, కోపమా అని.

నేను తల అడ్డంగా ఊపాను. మామ నమ్మలేదు. "పోయిన పండుగకు తలకాయ కూరంత పెద్దల్లునికే పోయింది. గది మనసుల పెట్టుకున్నవ్. నాకెర్కనే."

ఆ పండుగకు తలకాయ కూర వండారనే నాకు తెలియదు. అప్పుడు తెలిసి, నిజంగానే కాస్త బాధ కలిగింది.

"బండికి సెల్ఫ్ లేదు మామా" అన్నాను. "చదునుల ఆపితె మళ్ల లేవదు. మీ ఊర్ల గా కల్వర్టు కాడనే వాలున్నది."

గుమ్మం దగ్గర మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది.

"గంతేనా?" అన్నాడు మామ.

"గంతే."

"అయితె పో, బండి తీస్కరా. వాకిట్ల పెట్టు. పొయ్యేటప్పుడు మేం నూకుతం."

తెచ్చి బండల మీద నిలబెట్టాను. అందరూ చుట్టూ తిరిగి చూశారు. తలకాయ కూర లేకపోయినా కోడికూరతో భోజనం పెట్టారు. సాయంత్రం మామ ధోవతి ఎగగట్టాడు. పెద్దమనుషులూ ఆయన పక్కన చేరారు. నేను స్టీరింగు పట్టుకున్నాను. బండి వీధి చివరిదాకా మూలుగుతూ పోయి, ఒక్కసారిగా లేచి, వెనక ఉన్న తెల్లబట్టల మీద నల్లటి పొగ వదిలింది. ఆపితే మళ్లీ లేవదన్న భయంతో చేయి బయటికి చాచి ఊపుతూ పోనిచ్చాను.

కల్వర్టు దగ్గరికి వచ్చాక ఏదో చెప్పబోయి పక్కకు తిరిగితే సీటు ఖాళీగా ఉంది. మా ఆవిడ కూడా బండి నూకిందట.

వాలు మీద ఆపి ఎదురుచూశాను. చెప్పులు చేతిలో పట్టుకుని, ముఖాన మసితో నడిచి వచ్చింది. ఇంజన్ బంద్ చేయకుండానే ఆవిడ వైపు తలుపు తీశాను. నా వైపు చూడకుండా ఎక్కి కూర్చుంది. తాండూరులో మెకానిక్ షెడ్డు కనబడగానే "ఆపు" అంది. చదునే అయినా ఆపాను.

ఆ సాయంత్రమే కొత్త సెల్ఫ్, కొత్త బ్యాటరీ పడ్డాయి. అప్పటినుంచి బండికి ఏది ముందు మార్పించాలి, ఏది తర్వాత అన్నది ఆవిడే చెబుతోంది. నేను సైలెన్సర్ అన్నాను, ఆవిడ సీటు అంది. తన వైపు స్ప్రింగు బయటికి పొడుచుకొచ్చిందని సీటే ముందు మార్పించింది. తర్వాత గొర్రెల కాళ్లు జారకుండా వెనక రబ్బరు మ్యాటు వేయించాం. వానాకాలం ముందు టైర్లు మార్చాం. సైలెన్సర్ వంతు ఇంకా రాలేదు.

హారన్ మాత్రం మామ పెట్టించాడు. మమ్మల్ని అడగలేదు. టైర్ల కోసం బండి షెడ్డులో ఉన్నప్పుడు తానే వెళ్లి, లారీకి పెట్టే హారన్ ఏరి బిగింపించాడు. మొదట్లో అది మోగితే వెనక గొర్రెలన్నీ ఒక మూలకు ఉరికేవి. ఇప్పుడు వాటికి అలవాటైంది. సంతరోజు మామ మాతో పాటు ముందు సీట్లో కూర్చుంటాడు, మా ఇద్దరి మధ్యన. మలుపు వచ్చినప్పుడల్లా స్టీరింగు మీదికి చెయ్యి చాచి తానే హారన్ కొడతాడు. మలుపులు లేని చోట కూడా కొడతాడు.

"నాయినా, రోడ్డు మీద ఎవ్వరు లేరు" అంటుంది మా ఆవిడ.

"వస్తరేమో బిడ్డా" అంటాడాయన.