మునెప్ప ఓడ తాడు

నిన్న పొద్దున పాల సెంటర్‌లో క్యాన్ కింద పెట్టకముందే చెప్పారు, మునెప్ప పోయాడని.

ఏ మునెప్ప అని అడిగాను. మా ఊళ్లో మునెప్పలు నలుగురు.

"నేవీ మునెప్ప" అన్నారు.

క్యాన్ అక్కడే వదిలేసి వచ్చాను. సాయంత్రం ఎవరో ఇంటికి తెచ్చిచ్చారు.

ఈ వాట్సాప్ గ్రూపులో నేనెప్పుడూ ఏమీ రాయలేదు. గుడ్ మార్నింగ్ కూడా పెట్టను. నాకు మాటలు తక్కువని మీకందరికీ తెలుసు. ఒక్క వేలితో టైప్ చేస్తున్నాను. తప్పులుంటే సర్దుకోండి.

మునెప్పా నేనూ వేప్పనపల్లి స్కూల్లో ఒకే బెంచీ. నేను ఎనిమిదితో ఆపి సేద్యానికి వచ్చాను. వాడు నేవీకి పోయాడు. పదిహేనేళ్లు ఓడల్లో పనిచేసి, పెన్షన్‌తో తిరిగొచ్చి నా పక్క చేనులోనే మామిడి పెట్టాడు.

సముద్రం గురించి అడిగితే పెద్దగా చెప్పేవాడు కాదు. మా బోర్లు ఎండిపోయిన సంవత్సరం మాత్రం ఒక మాట అన్నాడు.

"ఆడ నీళ్లు తప్ప ఏమీ లేదప్పా. ఈడ నీళ్లు తప్ప అన్నీ ఉండాయి."

వాడింట్లో ఒక నల్ల ట్రంకు పెట్టె. అందులో తెల్ల టోపీ, డెక్కు మీద తీసుకున్న గ్రూప్ ఫోటో, నాలుగు గవ్వలు, ఒక తాడు. ఓడ రేవుకు వచ్చినప్పుడు గట్టు మీదకు విసిరే తాడు అది. మూడు పేటలది, ఎనిమిది బారలు. ఆఖరి ఓడ దిగిన రోజు తోటివాళ్లు చేతిలో పెట్టారట.

ఆ సంగతి నాకు అప్పుడు తెలియదు.

ఒకరోజు దాన్ని ఉతికి ఇంటి పంచలో ఆరేశాడు. నేను ఆవుకూ దూడకూ తాడు కావాలని పోయాను. ఇంట్లో ఎవరూ లేరు. ఎప్పుడూ తెచ్చుకున్నట్టే తెచ్చుకున్నాను. కొడవలితో మధ్యకు కోశాను. ఆవుకు సగం, దూడకు సగం.

సాయంత్రం వచ్చి చూశాడు. దూడ పక్కన కూర్చుండిపోయాడు. "ఇది నా లాస్ట్ షిప్ తాడప్పా" అన్నాడు.

సారీ అనే మాట నా నోట రాలేదు. తల వంచుకుని నిలబడ్డాను.

మరుసటి రోజు పొద్దున్నే వాడే పిలిచాడు.

"రాప్పా కిష్టప్పా, ఈడ కూచో. కోసిందీ నువ్వే, కలిపేదీ నువ్వే."

రెండు కొసల్లోనూ పేటలు విప్పి, ఒకదాని కింద నుంచి ఒకటి దూర్చి, బిగించి, మళ్లీ దూర్చి... సాయంత్రం దాకా పట్టింది. నేను తప్పు దూరిస్తే విప్పేసి మొదటినుంచి చేయించేవాడు. నా భార్య టీ తెచ్చి మమ్మల్ని చూసి నవ్వింది.

"ఏమప్పా, ఇద్దరు మొగోళ్లు కూచోని జడ అల్లుతా ఉండారే. పూలు తేవల్నా?"

"తేమ్మా. మీ ఆయనకే పెడదాం" అన్నాడు మునెప్ప.

అప్పుడు నాకు ఊపిరి వచ్చింది.

కలిపిన చోట తాడు లావయింది. వాడు కాలితో తొక్కిపట్టి, రెండు చేతులా లాగి చూశాడు. "ఇంక ఈడ తెగదు. తెగితే పక్కన తెగల్ల" అన్నాడు.

ఆ తాడుతోనే నాకు ఒక ముడి కూడా నేర్పాడు. ఎంత బరువైనా పట్టుకుంటుంది. కొస పట్టి ఒక్కసారి లాగితే విడిపోతుంది.

"షిప్పులో తాడు కోసినోడు మనిషే కాదప్పా" అని నా వైపు చూసేవాడు. ఎన్నేళ్లు అన్నాడో ఆ మాట.

పోయిన నెల హోసూరు ఆసుపత్రిలో చూశాను. బస్సు దిగి, మెట్లెక్కేసరికి నాకే ఆయాసం. వాడి మంచం పక్కన కూర్చున్నాను. లేచేటప్పుడు చెయ్యి పట్టుకున్నాడు.

"నన్ను ఎత్తేటప్పుడు నా తాడే కట్టప్పా. నువ్వే కట్టల్ల. మల్లా కొడవలి తెచ్చేవు!"

నా చేతులు వణుకుతున్నాయని చెప్పాను.

"వణికితే వణకనీలే. ముడికేం తెలుసు."

తర్వాత ఇంటికి తెచ్చారు. తేరుకుంటాడనే అనుకున్నాను.

నిన్న మధ్యాహ్నం వాడి కొడుకు ట్రంకు తెరిచి తాడు నా చేతికిచ్చాడు. పాడెకు నేనే కట్టాను. ఒకే తాడు, ఒకే ముడి. మూడుసార్లు తప్పింది. చుట్టూ జనం. పక్కన ఒకరు కొబ్బరితాడు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. నాలుగోసారి కుదిరింది. అయినా నమ్మకం లేదు.

మన ఊళ్లో గుంత దగ్గర పాడె దించాక కట్లు కోసేస్తారు. ముడి విప్పుతూ ఎవరూ కూర్చోరు.

దారంతా నాకు ఏడుపు కూడా రాలేదు. ఒకటే ఆలోచన. ముడి బిగుసుకుపోతే వాడి తాడు మళ్లీ కోస్తారు. మళ్లీ నా వల్లే.

దించారు. ఒకతను కొడవలి తీశాడు.

"జరుగు పెద్దాయనా, పొద్దు పోతా ఉంది."

"ఆగప్పా!" అన్నాను.

నేను అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదేమో, అందరూ తిరిగి చూశారు.

కొస పట్టుకుని లాగాను.

విడిపోయింది.

ఒక్క లాగుకే.

పాడెకు కట్టింది ఇంటికి తేకూడదు. వాడు చుట్టినట్టే చుట్ట చుట్టాను. మేం కలిపిన చోటు చేతికి తగిలింది. గుంతలో వాడి కుడిచెయ్యి పక్కన పెట్టాను. మన్ను వేశారు.

మా బెంచీ వాళ్లను ఒక్కొక్కరినీ మోసి మోసి భుజం పడిపోయింది. ఇంక ఓపిక లేదు.

ఈరోజు పొద్దున ఆవును కట్టబోతే చెయ్యి దానంతట అదే ఆ ముడి వేసింది.

మునెప్పా,
ఆరోజు చెప్పలేకపోయిన సారీ ఇప్పుడు చెప్తున్నాను.

నీ తాడు కొయ్యనియ్యలేదప్పా. కలిపినప్పుడు జానెడు తగ్గింది, అంతే. మిగతాదంతా నీ దగ్గరే ఉంది.

నిమ్మళంగా పండుకో.