కంటికి కనిపించే సంతకం, కనిపించని సంతకం

2023. పటాన్‌చెరు దాటాక ఉన్న ఒక మందుల కంపెనీలో పర్సనెల్ సెక్షన్ గుమాస్తాగా నాకది చివరి సంవత్సరం. కొత్తగా చేరేవాళ్ల సర్టిఫికెట్లు సరిచూడడం నా పని. కాగితాలకు బదులు ఫైళ్లను హెడ్డాఫీసు పోర్టల్‌లోకి ఎక్కించే పద్ధతి వచ్చి అప్పటికి ఏడాదైంది. ఆ ఏడు ఒకరోజు నా డైరీలో మంజుల, ఊరు లక్డారం అని రాసుకున్నాను.

మంజుల ల్యాబ్ అసిస్టెంటు ఉద్యోగానికి ఎంపికైంది. సాయంత్రం ఐదులోగా డిప్లొమా సర్టిఫికెట్ అప్‌లోడ్ కాకపోతే ఆ ఉద్యోగం జాబితాలోని రెండో పేరుకు పోతుంది. మూడున్నరకు ఆమె, వాళ్ల అత్తగారు నా టేబుల్ ముందుకు వచ్చారు.

"నాలుగు మాట్ల పెట్టిన సార్. నాలుగు మాట్లా డిజిటల్ సంతకం లేదని పోర్టల్ వాపస్ కొట్టింది," అంది మంజుల.

అత్తగారు సంచిలోంచి లామినేషన్ చేయించిన ప్రింటు తీసి చూపించింది. "సంతకం లేకపోవుడేంది సారూ? గిదేంది మరి? నాకు సదువు రాకున్నా కండ్లున్నయి."

నిజమే, కింద అధికారి పేరు, తేదీ ఉన్నాయి. మంజుల తెచ్చిన ఫైలులోనూ ఉన్నాయి. అరగంట పాటు నేను పోర్టల్‌నే అనుమానించాను. రెండుసార్లు నేనే ఎక్కించాను. రెండుసార్లూ తిప్పికొట్టింది. ఇంతలో మేనేజరు ఫోన్ చేశాడు.

"రెండో అమ్మాయిని రమ్మని చెప్పమంటారా?"

"ఐదు కాలేదు కదండీ," అన్నాను.

ఫోన్ పెట్టేశాక ఒకటి తట్టింది. ఇంతసేపూ ఫైలునే చూస్తున్నాను, దాన్ని తయారుచేసిన తీరు చూడలేదు. లేచి నా కుర్చీ మంజులకు ఇచ్చాను. "ఈ ఫైలు మొదటి నుంచి మళ్లీ చేసి చూపించమ్మా. ఏదీ వదలకు."

డిప్లొమా ఇచ్చిన బోర్డు వెబ్‌సైటు తెరిచింది. హాల్‌టికెట్ నంబరు కొట్టింది. సర్టిఫికెట్ కనపడింది. వెంటనే ప్రింట్ నొక్కి, ప్రింటరు పేరుండే చోట 'సేవ్ యాజ్ పీడీఎఫ్' ఎంచుకుంది.

"ఆగు. పక్కనే డౌన్‌లోడ్ బాణం ఉండగా ప్రింట్ ఎందుకు?"

"మా ఊరి నెట్ సెంటర్‌ల గిట్లనే చేస్తరు సార్. ఎట్లైనా ప్రింటే తియ్యాలె గదా."

తప్పు దొరికింది. డిజిటల్ సంతకం అంటే పేజీ మీద కనపడే పేరు కాదు, ఫైలు లోపల ఉండే ముద్ర. ప్రింట్ దారిన సేవ్ చేస్తే పేజీ రూపం వస్తుంది గాని ముద్ర రాదు.

బాణం నొక్కించాను. దిగిన ఫైలును పీడీఎఫ్ రీడర్‌లో తెరిపించాను. సంతకం మీద పసుపురంగు ప్రశ్నార్థకం కనపడింది.

"ఇందాకనే నయముండె. గిప్పుడు ప్రశ్న పడ్డది," అంది అత్తగారు.

"ప్రశ్న పడిందంటే లోపల సంతకం ఉన్నట్టేనమ్మా. అది ఎవరిదో ఈ కంప్యూటరుకు ఇంకా తెలీదు, అంతే."

సంతకం వివరాలు తెరిపించి, అధికారి పేరును వెబ్‌సైటులో ఉన్నదానితో పోల్చాను. సరిపోయింది. ఆ సంతకాన్ని నమ్మదగినవాటిలో చేర్పించి 'వాలిడేట్', అంటే సరిచూడు అనే మాట, మంజుల చేతనే నొక్కించాను. ప్రశ్నార్థకం పోయి ఆకుపచ్చ టిక్కు వచ్చింది. నాలుగూ నలభైకి ఆ ఫైలును పోర్టల్ స్వీకరించింది.

"గీ పచ్చ టిక్కుది గూడ లామినేషన్ జేపిద్దామా?" అంది అత్తగారు.

"అయినకాడికి సాలు అత్తమ్మా," అని మంజుల కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

నేను మేనేజరుకు ఫోన్ చేసి, రెండో పేరు అవసరం లేదని చెప్పాను. ఆ మాట చెప్పడంలో ఎంత సంతోషముందో, ముప్పైయేళ్ల నౌకరీలో అంతకుముందు నాకు తెలియదు.

ఎక్కడ తప్పు చేశావని అడిగితే ఎవరైనా అన్నీ సరిగ్గానే చేశామంటారు. అది అబద్ధం కాదు, తమ తప్పు తమకు కనపడదు. అందుకే ఆ తర్వాత ఎవరు వచ్చినా ప్రశ్నలు మానేసి నా కుర్చీ ఇచ్చి, వెనక నిలబడి చూశాను. రిటైరయ్యేదాకా మరో ఐదుగురు ఇదే తప్పుతో వచ్చారు. ఒక్కరి ఉద్యోగం కూడా రెండో పేరుకు పోలేదు.