గురజాల ఎండలో మేడం ద్రాక్షపందిరి

మా కెమిస్ట్రీ మేడం పోయారన్న కబురు నేను ఊరవతల కల్లంలో మిరపకాయలు తిరగేస్తుండగా వచ్చింది. మా చర్చి సంఘపెద్ద ఫోను చేసి, "మేడం వెళ్ళిపోయారయ్యా. పొద్దున టీ తాగి కుర్చీలో కూర్చున్నారంట, అట్టాగే" అన్నాడు. నేను గురజాల చేరేసరికి ఆవిడను ముందుగదిలో పడుకోబెట్టారు. ముఖం ప్రశాంతంగా ఉందని రాయడం ఆనవాయితీ. నిజానికి ఎప్పటిలాగే కొంచెం కోపంగా ఉంది.

ఇంటర్మీడియట్‌లో ఆవిడ దగ్గర చదివి, కెమిస్ట్రీలో రెండుసార్లు తప్పి, సేద్యంలోకి వచ్చినవాణ్ణి నేను. రిటైరయ్యాక ఆవిడ మా వీధిలోనే ఇల్లు తీసుకుని, పెరట్లో నల్లద్రాక్ష తీగ నాటి పందిరి వేయించారు. ఆవిడకు ఒకటే కోరిక. ఈస్టరు నాడు ప్రభువు బల్ల దగ్గర సంఘమంతా తాగే ద్రాక్షరసం కొన్న సీసాల్లోంచి కాకుండా, మన ఊళ్ళో పండిన కాయల్లోంచి రావాలి.

"మిరపకాయలు పండే చోట ద్రాక్షేంది మేడం?" అని నవ్వాను.

"పండిద్ది. తీపి కూడా చానా వచ్చిద్ది. పులుపూ, రంగూ నిలబెట్టడమే కష్టం" అన్నారు.

కాలేజీలో నాకు ఎక్కని పాఠం ఆ పందిరి కింద ఎక్కింది. ద్రాక్షలో పులుపు రెండు రకాలట. ఒకటి వేడికి తట్టుకుంటుంది. రెండోదాన్ని వేడి తగిలితే కాయే ఖర్చు పెట్టేసుకుంటుంది. చలి ఊళ్ళలో పులుపు మిగిలి తీపి చాలక బాధపడతారు, మనకేమో రాత్రి కూడా చల్లబడదు కాబట్టి తీపి పరుగెత్తుకొస్తుంది, పులుపు కరిగిపోతుంది. పులుపు తగ్గితే రసంలో ఎరుపు కూడా వెలవెలబోతుంది. ఆ మాట నమ్మించడానికి నల్లద్రాక్ష రసంలో సున్నపు తేట చుక్కలు వేసి, ఎరుపు పోయి నీలంగా, ఆకుపచ్చగా తిరగడం చూపించారు. నేను నోరు తెరుచుకుని చూశాను.

గుత్తుల మధ్య ఒక పాత థర్మామీటరు దారంతో వేలాడదీసేవారు. మధ్యాహ్నం ఎండ తగిలే గుత్తి దగ్గర అంకె చూసి, "నీ మార్కుల కంటే ఎక్కువేరా" అనేవారు. ఆవిడ మాటల్లో నాకు బాగా గుర్తున్నది ఒకటుంది. "తొక్కలో రంగు పుట్టాలంటే వెలుగు కావాలి. వేడి అక్కర్లేదు. రెండూ ఒకటనుకోమాక."

నేను రెండూ ఒకటే అనుకున్నాను. ఒక ఏడు ఆవిడ కంటి ఆపరేషన్‌కు గుంటూరు వెళుతూ, "రోజూ నీళ్ళు పెట్టు. ఇంకేం చెయ్యమాక" అని పందిరి నాకు అప్పజెప్పారు. గుత్తులు సగం రంగు తిరిగి, సగం పచ్చగా ఉన్నాయి. మిరపరైతుకు తెలిసిన ఎరుపు ఒక్కటే, ఎండలో పోసి తిరగేస్తే వచ్చేది. పాపం కాయలకు ఎండ తగలడం లేదనిపించి, పడమటి వైపు ఆకులన్నీ గిల్లి మేకలకు వేశాను. మేడం మెచ్చుకుంటారని కూడా అనుకున్నాను.

ఆవిడ తిరిగొచ్చేసరికి కొన్ని కాయలు మాడి ముడుచుకుపోయాయి, మిగిలినవి గోధుమరంగుకు తిరిగాయి. నల్లకళ్ళద్దాల్లోంచి పందిరి చూశారు. ఒక కాయ నోట్లో వేసుకుని, గింజలు అరచేతిలోకి ఉమ్మి, "వెలుగిద్దామనుకున్నావు, వేడిచ్చావు" అన్నారు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఈస్టరు ముందురోజు ఆ రసం చర్చికి తీసుకెళ్ళాం. రంగు లేదు, చప్పగా ఉంది. సంఘపెద్ద చెంచాడు రుచి చూసి, అందరి ముందూ, "చదువుకున్నోళ్ళ సేద్యం ఇట్టాగే ఉండిద్ది" అన్నాడు. మేడం నా వైపు చూడనైనా చూడకుండా, "నా లెక్క తప్పిందయ్యా. కొన్న సీసాలే పెట్టండి" అన్నారు. నేను ఆవిడ వెనకే నిలబడి ఉన్నాను.

దారిలో అడిగాను, అట్టా ఎందుకు చెప్పారని.

"నీ పేరు చెబితే రేపటి నించి సిగ్గుపడి మా ఇంటికి రావు. నాకు మనిషి కావాలి గదరా."

ఆ తర్వాత తూర్పు వైపు ఆకు పల్చన చేసి పొద్దుటి ఎండ రానిచ్చాం, పడమటి వైపు దట్టంగా ఉంచాం. తెల్లవారుజామున చల్లగా ఉండగానే కాయలు కోశాం. రెండేళ్ళకు ఈస్టరు బల్ల మీద మా పందిరి రసం ఎర్రగా నిలిచింది. సంఘపెద్ద తన చిన్న గ్లాసు తాగి, ఖాళీ గ్లాసు వంక కాసేపు చూశాడు. ఆ రోజైనా నిజం చెప్పాల్సింది. చెబుతాలే అనుకుంటూ ఏళ్ళు గడిపేశాను. ఆవిడ ఒక్కసారి కూడా అడగలేదు, అందుకే ఎక్కువ సిగ్గుగా ఉంది.

సమాధి దగ్గర మట్టి వేశాక సంఘపెద్దతో అన్నాను, "ఆ ఏడు ఆకులు గిల్లింది నేను పెద్దాయనా. మేడం తప్పు కాదు."

ఆయన చేతి మట్టి దులుపుకున్నాడు. "నేనా మాట అందరి ముందూ అన్నానే. ఇప్పుడెవరికి చెప్పుకునేదిరా?" అన్నాడు.

ఇద్దరం ఆవిడ ఇంటికి నడిచాం. ఈసారి ఎండలు ముందే ముదిరి పందిరికి పడమటి వైపు ఆకు రాలిపోయింది. ఆ గుత్తులకు ఒక్కోదానికీ పాత తెల్లచీర ముక్క చుట్టి, వదులుగా ముడివేసి ఉంది. మేడం తన చెయ్యి అందినంత మేరే కట్టారు. పైవరస గుత్తులు ఎండలో అలాగే ఉన్నాయి. మిగిలిన ముక్కలు చింపి, మడతపెట్టి, స్టూలు మీద ఉంచారు.

సంఘపెద్ద స్టూలు కదలకుండా పట్టుకుని, ఒక్కో ముక్క అందించాడు. నేను పైకెక్కి కట్టాను.